వాలీబాల్ 'స్మాష్' — దాని చరిత్రయు, శిక్షణయు

వాలీబాల్ పోటీలో ప్రేక్షకులు చప్పట్లు చరచునది సాధారణముగా ఒక్క ఘట్టముననే. ఆటగాడు మూడు నాలుగు అడుగులు పరుగిడి, నేలవిడిచి, నెట్టుమీదుగా బంతిని అవతలి కోర్టులోనికి పిడుగువలె దింపు క్షణమది. దీనిని క్రీడాగ్రంథములు స్పైకు అనుచున్నవి. మన ఊళ్లలో స్మాష్ అనియు, షాటు అనియు వాడుక. ఈ దెబ్బ కేవలము దేహబలముయొక్క ఫలమనియు, పొడగరియైన కుఱ్ఱవానికి దానంతటదే పట్టుబడుననియు చాలామంది తలంతురు. చరిత్రను పరికించినచో ఈ తలంపు నిలువదు. స్మాష్ ఒక దేశమున కనిపెట్టబడి, మరికొన్ని దేశములలో శాస్త్రముగా మారి, శిక్షకుల చేతులమీదుగా మనవరకు వచ్చిన విద్య. ఆ పరంపరలో తెలుగువారికిని చెప్పుకొనదగిన పాలు కలదు.

ఈ విషయమును ఎన్నుకొనుటకు మన పరిసరములే కారణము. 1902లో జంషెడ్జీ టాటా తన కుమారుడు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, రాబోవు ఉక్కునగరమున విశాలమైన వీధులకును, నీడనిచ్చు చెట్లకును, ఫుట్‌బాల్, హాకీ ఆటస్థలములకును చోటు విడువవలెనని చెప్పిన సంగతి ఇక్కడివారందరు ఎరిగినదే. అందులో వాలీబాల్ ప్రసక్తి లేదు. అప్పటికి ఆ క్రీడకు ఏడేండ్లే నిండినవి. సముద్రము దాటి దాని పేరు వినినవారే అరుదు. కాని 1919లో జంషెడ్‌పూరు అని పేరుపొందిన ఈ నగరమున, కంపెనీవారి మైదానములకు ఎడముగానున్న పేటలలో, పిల్లలకు బాగుగా అమరిన ఆట ఇదియే. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల నేల, రెండు స్తంభములు, ఒక నెట్టు, ఒక బంతి ఉన్నచో పన్నెండుగురు ఆడవచ్చును. పేరును బట్టి చూడగా ఎలుగుబంట్ల ఉనికిపట్టని అర్థమిచ్చు భాలుబాసాలో, నేడు ఎలుగులు లేవు, అడవియు లేదు, ఖాళీ నేలయు కరవే. ఉన్న కొద్దిచోటును కుదురుగా వాడుకొనుటకు ఇంతకు మించిన క్రీడ నాకు తోచుట లేదు.

మరియొక కారణము కలదు. ఉద్యోగి కుటుంబములకు ఆట వినోదము మాత్రమే కాదు. 1980 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము జారీచేసిన ఉత్తర్వులు, ప్రతిభగల క్రీడాకారులను క్రింది తరగతుల ఉద్యోగములలో నియమించుటకు ప్రత్యేకమైన మార్గమేర్పరచినవి. రాష్ట్రము తరఫున జాతీయపోటీలలో గాని, విశ్వవిద్యాలయము తరఫున అంతర్విశ్వవిద్యాలయ పోటీలలో గాని, రాష్ట్ర పాఠశాలల జట్టులో గాని ఆడినవారు అందుకు అర్హులైరి. గుర్తింపుపొందిన క్రీడలలో వాలీబాల్ ఒకటి. కావున పదునారేండ్ల పిల్లవాడు తప్పు పద్ధతిలో స్మాష్ కొట్టి భుజము చెరచుకొనినచో పోవునది ఒక సాయంకాలపు సరదా కాదు. అతని యింటికి రాదగిన జీతమే పోవచ్చును. ఈ సంగతి తల్లిదండ్రులకు తెలియదు. నేర్పువారిలో కొందరికిని పట్టదు.

ఇక చరిత్రకు వత్తము. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమునందలి హోలియోక్ పట్టణమున, వై.ఎం.సి.ఏ. వ్యాయామ నిర్వాహకుడైన విలియం జి. మోర్గన్ 1895లో ఈ ఆటను కల్పించెను. నడివయసు వ్యాపారస్థులకు బాస్కెట్‌బాల్ శ్రమ అధికమగుచున్నదని, ఒకరినొకరు తాకకుండ ఆడదగినది కావలెనని ఆయన ఉద్దేశము. ఆరడుగుల ఆరంగుళముల ఎత్తున వల కట్టి, బంతిని అటునిటు తట్టుటయే ఆట. మింటొనెట్ అని దానికి మొదట పెట్టిన పేరు. మరుసటి ఏడు ఆల్ఫ్రెడ్ హాల్‌స్టెడ్ సూచనపై అది వాలీబాల్ ఆయెను. గమనింపవలసినదేమనగా, ఆ మొదటి ఆటలో స్మాష్ లేదు. ఉండవలెనని మోర్గన్ తలపెట్టనులేదు. పెద్దమనుషులు చెమటపట్టకుండ ఆడుకొనుటకు ఏర్పడిన క్రీడలో పిడుగుకు పనియేమి?

ఆ పిడుగును తెచ్చినవారు ఫిలిప్పీను దీవులవారు. 1913లో మనీలాలో జరిగిన దూరప్రాచ్య క్రీడలలో వాలీబాల్ చేరినది. 1916 నాటికి అక్కడి ఆటగాండ్రు ఒకడు బంతిని ఎత్తుగా లేపి ఇయ్యగా, మరియొకడు ఎగిరి దానిని క్రిందికి కొట్టు పద్ధతిని వాడుకలోనికి తెచ్చిరి. దానికి బొంబా అని పేరు. బాంబు అని అర్థము. నెట్టుకు ఇటు ఎన్నిసార్లైనను బంతిని తట్టవచ్చునను పాత పద్ధతి పోయి, మూడు దెబ్బలలో అటు పంపవలెనను నియమము 1920 నాటికి స్థిరపడినది. ఒకడు అందుకొనుట, ఒకడు లేపుట, ఒకడు కొట్టుట అను నేటి క్రమము అందుండి వచ్చినదే. ఆటను పుట్టించినవారు పాశ్చాత్యులైనను, దానికి ప్రాణము పోసినది ఆసియావారని చెప్పుట అతిశయోక్తి కాదు.

మన దేశమునకు ఈ క్రీడ వై.ఎం.సి.ఏ. ద్వారముననే వచ్చినది. హ్యారీ క్రో బక్ అను అమెరికను 1920లో మద్రాసున నెలకొల్పిన వ్యాయామ శిక్షణ కళాశాలయే దక్షిణదేశమున డ్రిల్లు మాస్టర్లకు పుట్టినిల్లు. నాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాజధానిలోనివే కావున, అక్కడ తర్ఫీదు పొందినవారు ఈ ఆటను మన ఉన్నత పాఠశాలల ఆవరణలకు కొనివచ్చిరి. 1936లో లాహోరున మొదటి అంతర్రాష్ట్ర పోటీ జరిగినది. 1951లో భారత వాలీబాల్ ఫెడరేషను ఏర్పడినది; 1952లో మద్రాసున మొదటి జాతీయ పోటీలు జరిగినవి. ఆ సంవత్సరమే మన జట్టు మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలకు వెళ్లినది. 1958 టోక్యో ఆసియా క్రీడలలో కాంస్యమును, 1962 జకార్తాలో రజతమును భారతదేశము గెలుచుకొనెను. నేటి బాలురకు ఇది నమ్మశక్యముగాని మాటవలె తోచవచ్చును.

ఆ దినములలో స్మాష్ నేర్పు పద్ధతి అని ప్రత్యేకముగా ఏదియు లేదనవచ్చును. పెద్దలు కొట్టుచుండగా పిన్నలు కోర్టు ప్రక్కన నిలిచి చూచెదరు. చీకటిపడువేళ పెద్దలు తప్పుకొనిన తరువాత తాము ప్రయత్నింతురు. చూపున్నవాడు నేర్చెను, లేనివాడు బంతి అందించువాడుగ మిగిలెను. 1961 మే నెలలో పాటియాలాలో జాతీయ క్రీడాసంస్థ ప్రారంభమైన తరువాత పరిస్థితి మారినది. వ్యాయామోపాధ్యాయుడు వేరు, శిక్షకుడు వేరు అను భేదము అప్పుడు ఏర్పడినది. ఏ లోపమునకు ఏ అభ్యాసము, ఎన్నిమార్లు, ఏ వయసువారికి అను విచారణ అప్పుడు మొదలైనది.

ప్రపంచమున ఈ విచారణను అంతకు ముందే తీవ్రముగా సాగించినవారు జపానువారు. 1964 టోక్యో ఒలింపిక్సులో వాలీబాల్ మొదటిసారి చేరగా, జపాను స్త్రీల జట్టు స్వర్ణము గెలిచినది. వారి శిక్షకుడు హిరోబుమి దైమాత్సు నూలు మిల్లు కార్మిక యువతులను పగలు పని, రాత్రి అభ్యాసము అను క్రమమున నిర్దాక్షిణ్యముగా సాధన చేయించెనని ప్రసిద్ధి. ఆ నిర్దాక్షిణ్యమును నేను మెచ్చను. ఆయన పట్టిన పట్టును మాత్రము మెచ్చుకొనక తప్పదు. పురుషుల శిక్షకుడు యసుటక మత్సుడైరా మార్గము వేరు. తన ఆటగాండ్రు ఐరోపావారికంటె పొట్టివారని గ్రహించి, ఆయన ఎత్తుకు బదులు కాలమును ఆయుధముగా చేసెను. సెట్టరు చేతినుండి బంతి వెడలకమునుపే కొట్టువాడు గాలిలో నుండుట, ఒకడు ఎగిరినట్లు నటించి అడ్డుకొనువారిని ఎగిరించి వారు దిగుచుండగా మరియొకడు కొట్టుట వంటి యుక్తులతో 1968లో రజతము, 1972 మ్యూనిక్‌లో స్వర్ణము వరుసగా సాధించెను. 1976 మాంట్రియల్‌లో స్వర్ణము గెలిచిన పోలెండువారు వెనుకవరుసనుండి, మూడు మీటర్ల గీతకు ఆవలినుండియే ఎగిరి కొట్టి అందరిని చకితులను చేసిరి. ఈ రెండు ఉదాహరణములవలన తేలునది ఒకటే: స్మాష్‌లో బలముకంటె ముందు వచ్చునది లెక్క.

తెలుగునాట ఈ కొత్తగాలి సోకిన కాలమున పేరుపొందినవారిలో జి. మాలినీ రెడ్డి 1973లోను, ఎం. శ్యాంసుందరరావు 1974లోను అర్జున పురస్కారమందిరి. అరికపూడి రమణారావు 1977–78 సంవత్సరమునకు ఆ గౌరవమును పొందెను. విశేషమేమనగా, ఈ ఇద్దరు రావుగార్లును ఆడి ఊరకుండలేదు. శిక్షకులుగా మారి, రమణారావు 1990లోను, శ్యాంసుందరరావు 1995లోను ద్రోణాచార్య పురస్కారము పొందిరి. ఒకే క్రీడలో అర్జునుడుగను, ద్రోణుడుగను గౌరవింపబడుట ఎంతమందికి లభించును? అయినను మన పిల్లలలో క్రికెట్టు ఆటగాండ్ర పేర్లు పదునొకండును తడుముకొనక చెప్పువారికి ఈ రెండు పేర్లు తెలియవు. పత్రికలను తప్పుపట్టుట తేలిక. మన ఇండ్లలో ఎవరైన చెప్పిరా అని అడుగుకొనుటయే న్యాయము.

1986లో సియోల్ ఆసియా క్రీడలలో చైనా, దక్షిణ కొరియాల తరువాత స్థానము మనకు దక్కినది. జపాను నాలుగవదయ్యెను. ఆ కాంస్యపు జట్టులో కేరళకు చెందిన జిమ్మీ జార్జి ఉండెను. గాలిలో క్షణకాలము నిలిచిపోయినట్లు కనుపించు ఎగురుటకు ఆయన ప్రసిద్ధుడు. ఇటలీలో వృత్తి క్రీడాకారుడుగా ఆడుచు 1987 నవంబరులో అక్కడనే కారు ప్రమాదమున మరణించెను. ఆ జట్టులోనే మన తెలుగువాడైన పూసర్ల వెంకటరమణయు ఉండెను. ఆయనకు అర్జున పురస్కారము 2000లో వచ్చెను. ఆయన భార్య విజయయు జాతీయస్థాయి వాలీబాల్ క్రీడాకారిణి. ఉభయులును రైల్వేలో ఉద్యోగము చేసినవారు. వారి కుమార్తె సింధు సికిందరాబాదు రైల్వే సిగ్నల్ ఇంజనీరింగు సంస్థ కోర్టులలో బ్యాడ్మింటను మొదలిడి, 2016 రియో ఒలింపిక్సులో రజతము, 2019లో ప్రపంచ విజేత బిరుదము, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో కాంస్యము గెలిచినది. ఆమె ఎగిరి స్మాష్ కొట్టుట చూచినప్పుడెల్ల, మోచేయి చెవికంటె పైనుండుట, మొండెము తిరుగుట, చివర మణికట్టు విరుపు, అన్నియు వాలీబాల్ స్మాష్‌కు తోబుట్టువులే అని నాకు తోచును. హైదరాబాదువాడైన అబ్దుల్ బాసిత్ 1989లోను, రవికాంతరెడ్డి 2002లోను అర్జున పొందినవారు. ఈ పట్టికను ఇంకను పెంచవచ్చును గాని, పేర్లకంటె పని ముఖ్యము.

ఆ పని ఎట్టిదో మా మిత్రుడొకరి మాటలలో చెప్పెదను. ఆయన రైల్వే తరఫున ఆడి, ఉద్యోగ విరమణ చేసిన శ్రీకాకుళము వైపు పెద్దమనిషి. సాయంకాలములలో భాలుబాసా పిల్లలకు ఆట చెప్పుచుందురు. దస్త్రముల నడుమ బ్రదుకు నావంటి బి.ఏ. చదువరికి ఆయన వివరణము ఒక పాఠమాయెను. స్మాష్‌లో అయిదు అంగములు కలవట: పరుగు, ఎగురుట, చేయి విసరుట, బంతిని తాకుట, దిగుట. కుడిచేతివానికి చివరి మూడు అడుగులు ఎడమ, కుడి, ఎడమ క్రమమున పడవలెను. మొదటి అడుగు చిన్నది, నెమ్మదైనది. రెండవది పొడుగైనది, వడిగలది, మడమతో నేలను పట్టునది. ఆ పట్టువలననే ముందునకు పోవు వేగము పైకి మరలును. మూడవ అడుగు దానిని చేరుకొనుటయే. చేతులు రెండును వెనుకకు ఊగి, ఒక్కమారుగా పైకి లేచినచో ఎగురుటకు సాయమగును. గాలిలో దేహము వింటివలె వంగి, ఎడమచేయి బంతిని చూపుచుండ, కుడి మోచేయి ఎత్తుననే ఉండవలెను. బంతిని తలపైన కాక, కొట్టు భుజమునకు కొంచెము ముందు, చేయి చాచినంత ఎత్తున తాకవలెను. అరచేయి బంతి పైభాగమును కప్పి మణికట్టు వంగినచో బంతి ముందునకు గిరగిర తిరుగును. అట్లు తిరుగు బంతిని గాలియే క్రిందికి నొక్కును. అందువలననే ఎంత గట్టిగా కొట్టినను గీత దాటక లోపల పడును. పురుషులకు 2.43 మీటర్లు, స్త్రీలకు 2.24 మీటర్లు ఎత్తైన నెట్టుపైనుండి గంటకు వంద కిలోమీటర్లు మించిన వేగమున వచ్చు బంతి కోర్టులోనే పడుటలోని రహస్యమిది.

నేను చూచుచుండగా ఒక పిల్లవాడు, పొడగరి, మాటిమాటికి బంతిని నెట్టుకే కొట్టుచుండెను. బలము చాలలేదని అతని అనుమానము. భుజము నొప్పియని తడవుకొనుచుండెను. మా మిత్రుడు అతని చేతిని చూడలేదు, కాళ్లను చూచెను.

"ఏటిరా అంత తొందర? బంతి పైకెళ్లకముందే పరుగెత్తుకొచ్చేస్తున్నావు."

"ఆలస్యమైతే అందదేమో మాస్టారూ."

"ఎక్కడికెళ్లిపోతాదిరా అది? కిందకే కదా రావాలి. దాని కిందకి నువ్వు దూరిపోతే ఇంక దేంతో కొడతావు, మెడతోనా?"

లోపమంతయు అందులోనే ఉన్నది. ముందుగా పరుగిడినవాడు బంతి క్రిందికి చేరును. బంతి తల వెనుకకు పోవును. దానిని అందుకొనుటకు మోచేయి క్రుంగి భుజము మెలితిరుగును. నొప్పి బలహీనతవలన కాదు, తప్పిన లెక్కవలన. ఆ సాయంత్రము అతనికి బంతియే ఇయ్యలేదు. సున్నముతో నేలపై మూడు పాదముద్రలు గీచి, వానిపై అడుగులు వేయుచు ఎగురుమనిరి. పిల్లవానికి కష్టముగా తోచినది. బంతి లేని ఆట ఏమి ఆట? రెండవనాడు ఒకడు బల్లపై నిలిచి నెట్టు ఎత్తున బంతిని అరచేతిలో పట్టుకొనగా, ఇతడు పరుగిడి ఆ నిలిచిన బంతినే కొట్టెను. అందువలన తాకవలసిన చోటు చేతికి తెలిసినది. అటుపిమ్మట గోడ అభ్యాసము: నిలుచుండియే బంతిని ముందు నేలకు కొట్టగా, అది గోడను తాకి పైకి లేచి తిరిగివచ్చును, మరల కొట్టవలెను. మణికట్టుకు ఇంతకు మించిన చదువు లేదట. తరువాత శిక్షకుడు విసరిన బంతి, ఆ తరువాత సెట్టరు లేపిన బంతి. సెట్టరు చేతినుండి బంతి వెడలి పైకి పోవుట కంటితో చూచిన తరువాతనే మొదటి అడుగు వేయవలెను. ఎత్తైన బంతికి ఇదియే సూత్రము.

ఇచ్చట శిక్షకులలో ఒక వివాదము కలదు. నిలిచిన బంతిని, విసరిన బంతిని వందలకొలది మార్లు కొట్టించుట వ్యర్థమనియు, ఆటలో ఎదురగునట్లే, అందుకొనుట మొదలు కొట్టుటవరకు అంతయు కలిపి అభ్యసింపవలెననియు ఒక పక్షము. విడివిడిగా కుదిరినగాని కలిపిన కుదరదని రెండవ పక్షము. నా దృష్టికి రెండవది ఆరంభమునకు, మొదటిది ఆవలికి తగును. పదిరోజులు నిలిచిన బంతిని కొట్టినవాడు పదునొకండవ రోజునను అదే కొట్టుచుండినచో, అతడు నేర్చినది బల్లపై నిలిచినవానిని సంతోషపెట్టుటయే. కోర్టు మూలలలో పాతగుడ్డలు పరచి, బంతి లేచిన పిదప 'గీత వెంబడి' అనియో, 'అడ్డముగా' అనియో కేకవేసి అటే కొట్టుమనుట మంచి అభ్యాసము. ఇద్దరిని చేతులెత్తి అడ్డు నిలిపి, వారి వ్రేళ్లకు తగిలించి బంతిని వెలుపలికి పంపుటయు నేర్పవలెను. 1960ల నడుమ అడ్డుకొనువారి చేతులు నెట్టు దాటి ఇవతలికి రావచ్చునని నియమము మారినప్పటినుండి, కేవల బలముతో కొట్టువానికి కాలము చెల్లినది. 1990ల చివర మరియొక మార్పు వచ్చినది. పూర్వము సర్వీసు మనదైనప్పుడు స్మాష్ తప్పినచో సర్వీసు మాత్రమే పోయెడిది. నేడు ఏ తప్పునకైనను పాయింటు ఎదుటివానిదే. కావున ఎప్పుడు గట్టిగా కొట్టరాదో తెలియుటయు స్మాష్ విద్యలో భాగమే అయినది.

దిగుటను గూర్చి ఎవరును చెప్పరు, ప్రేక్షకులును చూడరు. ఒంటికాలిపై దిగుట అలవాటైన పిల్లవానికి ఇరువదేండ్లు నిండకమునుపే మోకాలి క్రింది నరము బాధించును. రెండు పాదములపై, మోకాళ్లు వంచి, మెత్తగా దిగవలెను. మన పేటల నేల ఇసుక కాదు; ఎండకు కాలి రాయియైన మన్ను, కొన్నియెడల సిమెంటు. అట్టిచోట ఒక్క సాయంత్రమున నూరుమార్లు ఎగిరించుట శిక్షణ కాదు, హింస. మా మిత్రుడు ముప్పదితో ఆపి, మిగిలిన సమయమున గోడవద్దకు పంపుచుందురు. పండ్రెండు, పదమూడేండ్లవారికి నెట్టును జానెడో, మూరెడో దించి కట్టుదురు. నెట్టు దించుట చిన్నతనమని పిల్లలకు ఉక్రోషము. కాని ఎత్తైన నెట్టుకు అందక మోచేయి వంచి తోయుట అలవాటైనచో, ఆ వంపును తరువాత ఏ శిక్షకుడును నిటారు చేయలేడు.

పై పిల్లవాడు మూడు వారములు సున్నపు గుర్తులపై అడుగులు వేసెను. నాలుగవ వారమున నేను పోయి చూచునప్పటికి గుర్తులు చెరిగిపోయినవి. మరల గీయుటకు సున్నము లేదు. అతడు వాని అవసరము లేకయే, బంతి పైకి లేచువరకు నిలిచి, ఎడమకాలు కదిపెను. భుజమును తడవుకొనలేదు. పది బంతులలో ఆరు లోపల పడినవి, రెండు నెట్టుకు, రెండు ప్రక్కయింటి ప్రహరిలోనికి. ఆ రెంటిని తెచ్చుటకు ఎవరు పోవలెనను వాదము జరుగుచుండగా చీకటిపడినది.